చిల్లుపడ్డ నావ – బాగుచేసే చేతులు

దివ్య ఖుర్ఆన్‌లో నావ ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. మానవులకు ప్రయోజనం కలిగించే వస్తువులతో సముద్రంపై సాగిపోయే నావను బఖర సూరా అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొంటుంది. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) దైవాదేశం మేరకు స్వయంగా ఓడను నిర్మించిన వృత్తాంతం హూద్ సూరాలో ఉంది. ఆ ఓడ పలకలతోనూ మేకులతోనూ తయారైనదని ఖమర్ సూరా తెలియజేస్తుంది. ఒక మహా ప్రవక్త గాథలో పలకలకు, మేకులకు సైతం చోటు దక్కింది. చేతిపనిని చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క విషయాన్ని ఆలోచించినా చాలు.

కహఫ్ సూరాలో మరొక నావ ఉంది. అది కొత్తగా కట్టినది కాదు, చిల్లుపడినది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సహచరుడైన ఖిజ్ర్ (అలైహిస్సలాం) తమను ఎక్కించుకున్న నావకే రంధ్రం చేశారు. ఎక్కినవారిని ముంచివేయటానికా ఈ పని అని మూసా (అలైహిస్సలాం) ఆక్షేపించారు. ఆ నావ సముద్రంపై కష్టించి బ్రతికే పేదలదనీ, మంచి నావలన్నింటినీ బలవంతంగా లాక్కునే రాజు ఒకడు వారి వెనుక ఉన్నాడనీ, లోపం కనిపిస్తే అతడు దానిని విడిచిపెడతాడనీ ఖిజ్ర్ (అలైహిస్సలాం) తరువాత వివరించారు. ఈ సంఘటనకు సంబంధించి సహీహ్ బుఖారీలో నమోదైన ఉల్లేఖనం ఒక అడుగు ముందుకు వేస్తుంది. రాజు బెడద దాటిపోయాక ఆ పేదలు నావను బాగుచేసుకుని తిరిగి వాడుకున్నారు. చిల్లును గాజుపాత్రతో మూశారని కొందరు, తారుతో మూశారని కొందరు చెప్పినట్లు అందులోనే ఉంది.

గాజు, తారు! నేటి ఫైబరు పడవ కూడా సన్నని గాజుపోగులు, వాటిని అంటిపెట్టే జిగురు కలిస్తే తయారైనదే. ఇందులో ఏదో భవిష్యవాణిని వెతకడం మా ఉద్దేశం కాదు, అలా వెతకడం సరైన పద్ధతీ కాదు. పేదవాని నావ పాడైతే దానిని పారవేయక బాగుచేసుకోవడం ఎంత ప్రాచీనమైన పనియో గుర్తుచేయడమే మా ఉద్దేశం.

నిజాంపేటలో పడవ ఏమిటి?

మెదక్ జిల్లాలో, రామాయంపేటకు సమీపంలో ఉన్న నిజాంపేట నుంచి సముద్రం వందలాది కిలోమీటర్ల దూరం. అక్కడ పడవ మాట ఎత్తితే వినేవారు నవ్వవచ్చు. కానీ మెతుకుసీమ నీటిని ఎరుగని నేల కాదు. మంజీరా నది ఈ సీమను చుట్టుకుని ప్రవహిస్తుంది. సింగూరు జలాశయం ఆ నదిపైనే ఉంది. మెదక్ పట్టణానికి చేరువలోని ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే కాలువలు నేటికీ పొలాలకు నీరందిస్తున్నాయి. మరింత దిగువన, 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. దాని నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది. ఇవి గాక ఊరూరా చెరువులున్నాయి.

ఈ నీళ్ళలో చేపలు పట్టి బ్రతికే కుటుంబాలు వేలకొలది. వారి పాత వాహనం పుట్టి. వెదురుబద్దలతో గంపలా అల్లి, పూర్వం తోలుతో, తరువాత తారు పూసిన పట్టాతో కప్పేవారు. ఇటీవల ఫైబరు పుట్టీలూ వచ్చాయి. అదీ లేనివారు థర్మకోల్ దిమ్మెలను కట్టగట్టి వాటిమీదనే కూర్చుని వలలు వేస్తున్నారు. గాలి తిరిగితే ఆ దిమ్మె ఎటు పోతుందో, అంచు విరిగితే మనిషి ఏమవుతాడో చెప్పనక్కరలేదు. ఇటువంటి చోట పాత ఫైబరు పడవ ఒకటి చౌకగా దొరికిందంటే అది ఒక ఇంటికి జీవనాధారం కాగలదు. సరిగా బాగుచేయకపోతే అదే ఇంటికి తీరని దుఃఖమూ కాగలదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా డబ్బులో కన్నా పనితనంలోనే ఎక్కువగా ఉంది. ఇంటి పక్క షెడ్డులో, నలుగురు కలిసి, ఓర్పుతో ఆ పనిని ఎలా చేయవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

తెప్ప నుంచి ఫైబరు దాకా

తెలుగువారి తీరంలో పడవ మరమ్మతు కొత్త విద్య కాదు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు నడిచేవి. సరుకులతోపాటు హజ్ యాత్రికులూ వాటిలో ప్రయాణించేవారు. గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరుపొందిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దానిని చావుదెబ్బ తీశాయి. ఆ ప్రాంతంలోని తాళ్ళరేవులో కొయ్య పడవల పని ఆ తరువాత కూడా కొనసాగుతూ వచ్చింది.

ఉత్తరాంధ్ర తీరంలోని మత్స్యకారులు తేలికపాటి దుంగలను తాళ్ళతో బిగించి చేసిన తెప్పలపై వేటకు వెళ్ళేవారు. తగిన కొయ్య అరుదై ఖరీదు పెరిగిన కొద్దీ ఫైబరు తెప్పలు, పడవలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత నష్టపోయిన కుటుంబాలకు పంచిన పడవలలోనూ ఫైబరువి ఎన్నో ఉన్నాయి. వాటిలో వయసు మీరినవి ఇప్పుడు ఒడ్డున బోర్లించి కనిపిస్తుంటాయి.

గాజుపోగును పరిశ్రమగా మలచినది 1930లలో అమెరికా. 1940ల తొలినాళ్ళలో పాలిస్టర్ రెజిన్‌తో కలిపి చిన్న పడవలు చేయడం మొదలయింది. గాజుపోగు బలాన్నిస్తుంది, రెజిన్ ఆకారాన్నిస్తుంది. ఒకటి లేక రెండవది నిరుపయోగం. ఈ పదార్థానికి చెద పట్టదు, తుప్పు పట్టదు. అయితే రెండు లోపాలున్నాయి.

మొదటిది: ఒకసారి గట్టిపడిన రెజిన్ తిరిగి కరగదు. పాత ఇనుమును కరిగించి మళ్ళీ వాడినట్లు పాత ఫైబరును వాడలేము. తగులబెడితే విషపు పొగ, పూడ్చిపెడితే నేలకు భారం. కనుక బాగుచేయదగిన పడవను బాగుచేయడమే దానికి ఉత్తమమైన గతి. వృథా చేసేవారిని షైతాను సోదరులుగా బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరించిన సంగతి మనకు తెలిసినదే.

రెండవది ప్రాణాలకు సంబంధించినది. కొయ్య నీటికన్నా తేలిక, అందుకే తెప్ప తిరగబడినా మునగదు. ఫైబరు నీటికన్నా బరువు. పడవ ఆకారంలో ఉన్నంత వరకే అది తేలుతుంది. లోపల నీరు నిండిన మరుక్షణం రాయిలా అడుగుకు పోతుంది. కొయ్య నుంచి ఫైబరుకు మారిన ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవలసిన భేదమిది.

కొనేముందు

పాత పడవపై కొత్త రంగు వేసి ఉంటే మురిసిపోరాదు. రంగు కింద ఏముందో చూడాలి. అందుకు పెద్ద పరికరాలు అవసరం లేదు. చిన్న సుత్తితోనో, నాణెంతోనో జానెడుకొకచోట తట్టుతూ పోవాలి. గట్టిగా ఉన్నచోట శబ్దం టంగుమని స్పష్టంగా వినిపిస్తుంది. పొరలు విడిపోయినచోట బోలుగా, మందంగా వినిపిస్తుంది. ఆ చోట్లన్నీ సుద్దతో గుర్తుపెడితే పడవ రోగపటం మన ముందు ఉంటుంది.

అణియం నుంచి అమరం వరకు అడుగుభాగాన్ని చేతితో తడమాలి. పొక్కులు తగిలితే ఒకదానిని పొడిచి చూడాలి. పులిసిన వాసనతో ద్రవం కారితే నీరు పైపూతను దాటి లోపలికి చేరినట్టు. ఏళ్ళ తరబడి నీటిలో నానిన పడవలో నీటి అణువులు జెల్‌కోటు గుండా మెల్లగా లోపలికి పోతాయి. అక్కడ గట్టిపడకుండా మిగిలిన రసాయనాలను కరిగించుకుంటాయి. ఆ చిక్కని ద్రవం మరింత నీటిని లాగుతుంది. ఒత్తిడి పెరిగి పొక్కు లేస్తుంది. పొక్కులు కొన్ని ఉంటే వైద్యముంది. పడవ అడుగంతా అవే అయితే బేరం మానుకోవడమే మేలు.

ఇంజను బిగించే వెనుకపలకను ముఖ్యంగా పరీక్షించాలి. చాలా పడవల్లో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. పైన ఫైబరు నిగనిగలాడుతున్నా లోపల కొయ్య కుళ్ళిపోయి ఉండవచ్చు. మర బిగించిన రంధ్రాల నుంచి గోధుమరంగు నీరు కారడం, ఇంజనును పట్టుకుని ఊపితే పలక కదలడం దాని లక్షణాలు. అనుమానముంటే లోపలివైపు నుంచి సన్నని రంధ్రం చేసి, బయటకు వచ్చే పొట్టును చూడాలి. పొడిగా, లేతరంగులో ఉంటే మంచిది. తడిగా, నల్లగా ఉంటే ఆ పలక మొత్తం మార్చవలసిందే. అడుగున నిలువుగా సాగే దూలాలనూ ఇలాగే చూడాలి.

షెడ్డు, ఇల్లు, పొరుగు

పని మొదలుపెట్టే ముందు ఇంటివారితో సంప్రదింపు జరగాలి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఫైబరు పనిలో మూడు ప్రమాదాలున్నాయి. వాటి ప్రభావం పనిచేసేవానితో ఆగదు.

ఒకటి, దుమ్ము. గ్రైండరుతో రాసినప్పుడు లేచే గాజుపొడి చర్మానికి దురద, కంటికి మంట, ఊపిరితిత్తులకు హాని కలిగిస్తుంది. నోటికి దస్తీ కట్టుకుంటే సరిపోదు. సన్నని దుమ్మును ఆపే మాస్కు, కళ్ళద్దాలు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ బట్టలను ఇంటివారి బట్టలతో కలిపి ఉతకరాదు. పసిపిల్లను ఎత్తుకునే ముందు స్నానం చేయాలి. స్నానానికి ముందు బట్టలను షెడ్డులోనే విడిచిరావాలి.

రెండు, ఆవిరి. పాలిస్టర్ రెజిన్ నుంచి వెలువడే స్టైరీన్ వాసన తలనొప్పి, కళ్ళు తిరగడం కలిగిస్తుంది. దుమ్ము మాస్కు దీనిని ఆపలేదు. రసాయన ఆవిరులను పీల్చుకునే డబ్బాలున్న మాస్కు వేరే ఉంటుంది. షెడ్డుకు రెండు వైపులా తెరపి ఉండాలి. గాలి వంటింటి వైపు, పొరుగింటి వైపు వీచే వేళ పని ఆపాలి. గర్భిణులు, పసివారు, ఉబ్బసం ఉన్నవారు ఉన్న ఇంటికి ఆనుకుని ఈ పని చేయరాదు. పొరుగువాని హక్కు విషయంలో దైవప్రవక్త (స) ఎంత గట్టిగా తాకీదు చేశారో తెలిసిన మనం, జీవనోపాధి పేరిట పక్కింటి బిడ్డకు హాని చేయలేము కదా! ముందుగా వెళ్ళి చెప్పడం, ఏ రోజుల్లో పని జరుగుతుందో తెలపడం కనీస ధర్మం.

మూడు, అగ్ని. హార్డనర్‌గా వాడే ద్రవం ఒక పెరాక్సైడ్. అది కంటిలో పడితే చూపు పోవచ్చు. పడిన వెంటనే ధారగా నీటితో చాలాసేపు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. కోబాల్టుతో కూడిన యాక్సిలరేటర్ మరొక ద్రవం. ఈ రెండింటినీ ఎన్నడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపరాదు, కలిపితే పేలుడు సంభవించవచ్చు. మొదట యాక్సిలరేటర్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతనే హార్డనర్ చేర్చాలి. యాక్సిలరేటర్ ముందే కలిపిన రెజిన్ కూడా దుకాణాల్లో దొరుకుతుంది. కొత్తవారికి అదే క్షేమం. సీసాలను వేర్వేరు అరలలో, ఎండ తగలనిచోట, పిల్లల చేతికి అందకుండా ఉంచాలి. వాటిని నీళ్ళ సీసాలలోనో షర్బతు సీసాలలోనో ఎన్నడూ పోయరాదు. శుభ్రానికి వాడే అసిటోన్ పెట్రోలులా మండుతుంది. షెడ్డులో బీడీ, సిగరెట్టు, పొయ్యి ఏదీ ఉండరాదు. కలిపిన రెజిన్ డబ్బాలో మిగిలితే అది వేడెక్కి పొగలు కక్కుతుంది. దానిని చెత్తబుట్టలో వేయక ఆరుబయట ఇసుకమీద చల్లారనివ్వాలి.

పని క్రమం

మొదటి మెట్టు ఆరబెట్టడం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పడవను మంచినీటితో పలుమార్లు కడగాలి. పొక్కులను తెరిచి వాటినీ కడగాలి. తరువాత నేలకు తగలకుండా దిమ్మెలపై నిలిపి, నీడలో, గాలి ఆడేచోట వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితపు ముక్కను పడవకు నాలుగువైపులా టేపుతో అంటించాలి. ఒక రోజు ఎండ తగిలాక దాని లోపల చెమ్మ బిందువులు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. తడిమీద వేసిన అతుకు నిలవదు. వానాకాలంలో కొన్న పడవను చలికాలం వరకు ముట్టకుండా ఉంచగలవాడే మంచి పనివాడు.

రెండవది చెడిన భాగాన్ని తొలగించడం. పగులు కనిపించినంత మేరకే చెరగడం చాలదు, పొరలు గట్టిగా ఉన్నచోటు తగిలే వరకు వెళ్ళాలి. తరువాత రంధ్రం అంచులను నిలువుగా ఉంచక, పళ్ళెం అంచులా వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలన్నది పడవ పనివారి లెక్క. పడవ గోడ 5 మిల్లీమీటర్లు ఉంటే చుట్టూ 60 మిల్లీమీటర్ల వాలు చెక్కాలి. అరచేయంత రంధ్రానికి ఇంత పెద్ద గాయమా అని మనసు వెనుకాడుతుంది. కానీ అతుకు బలం దాని మందంలో ఉండదు, పాతదానిని పట్టుకున్న వైశాల్యంలో ఉంటుంది. చెక్కిన చోటును అసిటోన్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆ తరువాత చేతితో తాకరాదు. చేతి జిడ్డు సైతం అతుకును చెడగొడుతుంది.

మూడవది పొరలు వేయడం. రంధ్రం ఆరపార ఉంటే ఒకవైపు నునుపైన పలకకు మైనం పూసి ఆనించి, రెండవవైపు నుంచి పని చేయాలి. గాజు మ్యాట్‌ను వాలుకు తగినట్లు వేర్వేరు కొలతలలో ముందే కత్తిరించి వరుసగా పేర్చుకోవాలి. రెజిన్ కలిపిన తరువాత కత్తెర వెతికే వ్యవధి ఉండదు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక్క పొర సుమారు ఒక మిల్లీమీటరు మందాన్నిస్తుంది, దానికి రమారమి ఒక కిలో రెజిన్ పడుతుంది. కిలో రెజిన్‌కు హార్డనర్ 10 నుంచి 20 గ్రాములు. ఇది కంటి అంచనాతో పోసేది కాదు, తూచి పోయవలసినది. ఎక్కువైతే పెళుసుబారుతుంది. మరీ తక్కువైతే ఏనాటికీ సరిగా గట్టిపడదు.

మన మెదక్ ఎండలను ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కలిపిన రెజిన్ బ్రష్షు ముంచేలోపే గడ్డకట్టవచ్చు. వేసవిలో ఫజ్ర్ నమాజు తరువాత మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ముగించడం ఉత్తమం. ఒక్కసారి కలిపేది కొద్దిపాటిగానే ఉండాలి, వెడల్పాటి పళ్ళెంలో పోసి వాడితే త్వరగా వేడెక్కదు. బ్రష్షుతో అద్ది, గాళ్ళున్న రోలరుతో నొక్కుతూ బుడగలన్నింటినీ బయటకు తోలాలి. తెల్లగా కనిపించే మ్యాట్ పారదర్శకంగా మారితే రెజిన్ పూర్తిగా పట్టిందని అర్థం. తెల్లమచ్చ మిగిలినచోట లోపల గాలి ఉన్నట్టు. గాలి ఉన్నచోటికి రేపు నీరు చేరుతుంది. ఒకే విడతలో రెండు మూడు పొరలకు మించి వేయరాదు, వేడికి అతుకు వంకరపోతుంది.

పాత ఫైబరుకు కొత్త పాలిస్టర్ రెజిన్ అంటుకునేది పట్టు వలననే, రెండూ కరిగి ఒకటయిపోవు. ఎపాక్సీ రెజిన్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కాని ఖరీదెక్కువ. పైగా దానిమీద మామూలు జెల్‌కోటు సరిగా నిలవదు. కనుక నీటిగీతకు దిగువన, బరువు పడేచోట ఎపాక్సీ వాడదలిస్తే దానిపైన తగిన పెయింటునే వేయాలి. జెల్‌కోటు వేసేవారు చివరి పూతలో మైనపు ద్రావణం కలపాలి. లేకుంటే గాలి తగిలిన పైపొర జిడ్డుగానే ఉండిపోతుంది.

మునగని ఏర్పాటు

పడవ అందం పూర్తయ్యాక అసలు పని మిగిలే ఉంటుంది. నీరు నిండినా పడవ తేలుతూ ఉండేలా అణియంలోనూ అమరంలోనూ, బల్లల కింద మూసిన అరలు ఉండాలి. వాటిని నురుగు దిమ్మెలతో నింపాలి. ఇక్కడొక హెచ్చరిక. ఇంట్లో ఉన్న థర్మకోల్‌ను పెట్టి దానిమీద పాలిస్టర్ రెజిన్ పూస్తే థర్మకోల్ కళ్ళముందే కరిగిపోతుంది. పైన గట్టి మూత, లోపల ఖాళీ మిగులుతుంది. అందుకు పాలియురెథేన్ నురుగు వాడాలి.

తరువాత నీటి పరీక్ష. పడవను చెరువులోకి తోసి వెంటనే ఎక్కి కూర్చోరాదు. మోకాలిలోతు నీటిలో తాడుతో కట్టి, మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి ఒక రోజంతా ఉంచాలి. లోపల ఎక్కడ తడి కనిపిస్తుందో చూడాలి. ఆ తరువాత ఉద్దేశపూర్వకంగా నీరు నింపి, అంచు నీటిపై నిలిచి ఉంటుందో లేదో చూడాలి. ఒడ్డున విఫలమైన పరీక్ష నష్టం కాదు, నడినీట తప్పిన ప్రమాదం.

ఎంత చక్కగా బాగుచేసినా లైఫ్‌జాకెట్టు వదలరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయిన దుర్ఘటనను తెలుగు ప్రజలు మరువలేదు. జాకెట్టు పడవలో ఉండటం వేరు, ఒంటిమీద ఉండటం వేరు. ఇంజను బిగించదలచినవారు దేశీయ జలమార్గాల నౌకలకు సంబంధించిన 2021 నాటి చట్టం మేరకు రిజిస్ట్రేషను విషయం అధికారులను అడిగి తెలుసుకోవాలి. జలాశయంలో దిగేముందు సంబంధిత శాఖ అనుమతి, అక్కడి మత్స్యసహకార సంఘం సమ్మతి తీసుకోవాలి. మంజీరా అభయారణ్య పరిధిలో మొసళ్ళున్నాయి, అక్కడ ఇష్టానుసారం పడవ వేసే వీలు లేదు.

ఇంటి బడి

ఈ పనికి నెలలు పడుతుంది. ఆ నెలలు వృథా కావు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని హదీసు తెలుపుతుంది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే భుజించేవారు. మన ప్రియ ప్రవక్త (స) స్వయంగా తమ చెప్పులు కుట్టుకునేవారు, వస్త్రాలకు అతుకు వేసుకునేవారు. అటువంటి వారసత్వం గల సమాజంలో చేతికి మసి అంటితే పరువు పోతుందనుకునే యువకులు తయారవుతున్నారంటే లోపం ఎక్కడుందో పెద్దలు ఆలోచించాలి.

పిల్లలను గాజుదుమ్ముకూ రెజిన్‌కూ దూరంగా ఉంచవలసిందే. కాని వారికి అప్పగించదగిన పనులు ఎన్నో ఉన్నాయి. నాణెంతో తట్టి శబ్దభేదం పట్టడం, సుద్దతో గుర్తులు వేయడం, మందాన్ని కొలిచి పన్నెండు రెట్లు లెక్కగట్టడం, ఖర్చుల పుస్తకం రాయడం వారు చేయగలరు. పాఠశాలలో నిష్పత్తి, సాంద్రత అర్థం కాని బిడ్డకు ఈ షెడ్డులో అర్థమవుతాయి. ఇంటి ఇల్లాలి మాటకూ ఇక్కడ విలువ ఉండాలి. ఇంటి సొమ్ములో ఎంత ఈ పనికి పోతున్నదో, ఇది వడ్డీ అప్పుకు దారితీస్తున్నదో లేదో మొదటగా పసిగట్టేది ఆమెయే. చేతిలో ఉన్నంతలో ఒక్కొక్క దశ పూర్తిచేసుకుంటూ పోవడం ఆలస్యమే గాని, అప్పులో మునగడంకన్నా వేయిరెట్లు మేలు.

రంగు కింద నిజం

బాగుచేసిన పడవను అమ్ముకునే రోజు కూడా రావచ్చు. అప్పుడు అసలైన పరీక్ష ఎదురవుతుంది. దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. ప్రజలకు కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన వర్తకుణ్ణి ప్రశ్నించారు. మోసం చేసేవానికి తమతో సంబంధం లేదని స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు పాత పడవల బేరానికి అక్షరాలా వర్తిస్తుంది. కుళ్ళిన వెనుకపలక మీద పుట్టీ పూసి, పొక్కులమీద నీలిరంగు వేసి అమ్మడం తడి ధాన్యాన్ని దాచడం కాక మరేమిటి? ధాన్యం విషయంలో కొన్నవాడు డబ్బు నష్టపోతాడు. పడవ విషయంలో అతని పిల్లలు తండ్రిని నష్టపోతారు.

కనుక ప్రతి మరమ్మతుకు ఒక కాగితం ఉండాలి. ఏ భాగం చెక్కాము, ఎన్ని పొరలు వేశాము, ఏ రెజిన్ వాడాము, ఎక్కడ సందేహం మిగిలింది అన్నవన్నీ రాసి కొనేవాని చేతికివ్వాలి. ధర కొంత తగ్గవచ్చు. తగ్గిన ఆ సొమ్ములో బరకత్ ఉంటుంది, ఇన్షా అల్లాహ్.

బుఖారీలో నమోదైన మరొక హదీసులో దైవప్రవక్త (స) సమాజాన్ని రెండంతస్తుల నావతో పోల్చారు. పైవారిని నీటికోసం ఇబ్బంది పెట్టడమెందుకని, కిందివారు తమ భాగంలోనే చిల్లు పొడుచుకోదలిచారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బ్రతుకుతారు. చిల్లు ఎవరి భాగంలో పడినా నీరు నావంతటికీ వస్తుందన్నది ఇందులోని సత్యం. పొరుగువారి ఊపిరిని పట్టించుకోని పని, తూకం లేని రెజిన్, ఆరకముందే వేసిన అతుకు, రంగు కింద దాచిన కుళ్ళు – ఇవన్నీ అటువంటి చిల్లులే. పక్క షెడ్డులో అవి పడుతున్నట్లు చూసినవారు నా పడవ కాదు కదా అని వెళ్ళిపోరాదు. మర్యాదగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి ఆపాలి. చేతనైతే రోలరు అందుకుని ఒక పూట సాయం చేయాలి.

అల్లాహ్ మన చేతులకు నేర్పును, మన పనికి నిజాయితీని, నీటిపై బ్రతుకు వెతుక్కునే ప్రతి కుటుంబానికి క్షేమంగా ఒడ్డు చేరే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.